దెయ్యాల టూరుకు పరామర్శకెళ్ళినట్టు వెళ్ళండి

ఎడిన్‌బరోలో చదువుకుంటున్న పిల్లల్ని చూడ్డానికొచ్చే తల్లిదండ్రులైనా, లండన్ నుంచి శుక్రవారం రైలెక్కి వచ్చే కుర్రజంటలైనా, కోట చూడ్డం అయ్యాక అడిగేది ఒకటే: "రాత్రిపూట దెయ్యాల టూరుంటుందట కదా, బాగా భయపెట్టేది ఏది?" ఈ ఊళ్ళో అలాంటి టూర్లకు కొదవ లేదు. సాయంత్రమయ్యేసరికి సెయింట్ జైల్స్ చర్చి చుట్టుపక్కల నల్లకోట్ల గైడ్లు బోర్డులు పట్టుకుని నిలబడి ఉంటారు. వెళ్ళేవాళ్ళకు అందరూ ఇచ్చే సలహాలు కూడా ఒక్కటే. అక్టోబరు చివర్లో వెళ్ళండి. చీకటి చిక్కబడ్డాక ఆఖరి టూరు ఎక్కండి. కథలు ముందే చదివి మజా పాడుచేసుకోకండి. పెద్దవాళ్ళని ఇంటి దగ్గర వదిలెయ్యండి. గైడ్ పక్కనే ముందు వరసలో నిలబడండి.

నేను చెప్పేవి వీటికి తలకిందులుగా ఉంటాయి. విన్నవాళ్ళు "అలా అయితే దెయ్యాల టూరెందుకు, మ్యూజియానికి పోతే సరిపోదా" అని అడుగుతారు. సరిపోదు. మ్యూజియంలో పోయినవాళ్ళ వస్తువులు ఉంటాయి. ఈ ఊరి పాత సందుల్లో వాళ్ళు పోయిన చోట్లే ఉన్నాయి. మనిషి పోయిన ఇంటికి మనం వెళ్ళే తీరు ఒకటుంది. ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, దగ్గర ఎవరున్నారు, వెనక ఎవరు మిగిలారు అని అడుగుతాం, చెప్తుంటే అడ్డు రాకుండా వింటాం. ఎడిన్‌బరో పాత ఊరిని చూడాల్సిన తీరు కూడా అదేనని నా గట్టి నమ్మకం. పరామర్శకు వెళ్ళినట్టు వెళ్ళండి. మిగతా సలహాలన్నీ ఆ ఒక్క మాట నుంచి వచ్చినవే.

మొదట, జూన్‌లో వెళ్ళండి. జూన్ చివరి వారాల్లో ఇక్కడ సూర్యుడు రాత్రి పది గంటలకు గానీ అస్తమించడు. తొమ్మిదింటి టూరు ఎండలోనే మొదలవుతుంది. గైడ్ గొంతు తగ్గించి మాట్లాడినా ఎవరికీ వెన్ను జలదరించదు. నాక్కావలసింది అదే. వెలుతురుంటే సందు మొగలో గోడకు కొట్టిన ఇత్తడి పలక చదవచ్చు, తలెత్తి ఆరో అంతస్తు కిటికీని చూడచ్చు, ఎదురింటికీ ఆ కిటికీకీ మధ్య ఎంత దూరముందో అంచనా వెయ్యచ్చు. చెయ్యి చాపితే పక్కింటివాళ్ళ బట్టలు అందేటంత ఇరుకు. అది చూడనివాళ్ళకు, ఒకప్పుడు ఈ ఊళ్ళో ప్లేగు అంత త్వరగా ఎలా పాకిందో ఎన్ని కథలు విన్నా అర్థం కాదు. భూగర్భపు గదుల్లోకి దిగితే ఎలాగూ ఏ నెలలోనైనా చీకటే. చీకటి కోసం అక్టోబరు దాకా ఆగాల్సిన పని లేదు.

కథలన్నీ ముందే చదివెయ్యండి. ఎవరు చంపారో, ఎవరు ఉరికెక్కారో అంతా తెలుసుకునే వెళ్ళండి. టికెట్ కొనేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మమ్మల్ని ఉలిక్కిపడేలా చేసేది ఎక్కడ?" చాలా టూర్లలో ఒకచోట గైడ్ హఠాత్తుగా అరుస్తాడు, లేదా తలుపు చాటునుంచి ఇంకొకరు దూకుతారు. కొందరు చెప్తారు, కొందరు నవ్వి ఊరుకుంటారు. చెప్పించుకోండి. ఎక్కడో అరుపు వస్తుందని తెలిసి కాచుకుని ఉన్న మనిషి చెవిలోకి ఇంకే మాటా దిగదు. పిల్లల్ని తీసుకెళ్తుంటే ఇది మరీ ముఖ్యం. దడుపు జ్వరం తెచ్చుకోవడానికి డబ్బిచ్చి వెళ్ళడమెందుకు? ఫలానా చోట ఆయన అరుస్తాడు, నువ్వు నా చెయ్యి పట్టుకో అని ముందే చెప్తే ఏడెనిమిదేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళకంటే మంచి ప్రశ్నలు అడుగుతారు.

వరసలో ఆఖరున నడవండి. ముందువాళ్ళకు గైడ్ ముఖం కనిపిస్తుంది, మీకు ఊరు కనిపిస్తుంది. మాట సరిగ్గా వినిపించకపోతే నష్టం లేదు, కథ మీకు ముందే తెలుసు కదా. ఇక చెప్పుల సంగతి: రాళ్ళ బాటలు తడిస్తే జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. చలికోటు జూన్‌లో కూడా కావాలి.

ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. నేను చెప్పబోయే చోట్లన్నీ ఒకే టూరులో రావు. మేరీ కింగ్స్ క్లోజ్ అనే సందుకు వేరే టికెట్, సౌత్ బ్రిడ్జి కింది గదుల్లో ఒక్కోదానికి ఒక్కో కంపెనీ, గ్రేఫ్రయర్స్ శ్మశానంలో తాళం వేసిన భాగంలోకి మరొకరు తీసుకెళ్తారు. రెండు మూడు రాత్రులకు పంచుకోండి. ఒకే రాత్రి అన్నీ చుట్టబెట్టాలనుకుంటే పరామర్శ కాస్తా పెళ్ళి విందు అవుతుంది.

కోట ముందు మొదలుపెడదాం. కోట మైదానానికి చేరే దారిలో, గోడకు ఆనించి చిన్న ఇనుప ఫౌంటెన్ ఒకటుంది. చుట్టూ ఐస్‌క్రీమ్ తింటూ నిలబడినవాళ్ళు దాన్ని గమనించరు. విచెస్ వెల్ అంటారు, 1894 నాటిది. మంత్రగత్తెలన్న ముద్ర వేసి ఆడవాళ్ళని కాల్చి చంపిన చోటికి దగ్గరలో పెట్టిన గుర్తు అది. స్కాట్లండ్‌లో మంత్రవిద్య చట్టం 1563 నుంచి 1736 దాకా ఉంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ కాలపు రికార్డులు వెతికి 3,837 మంది మీద ఆరోపణలు వచ్చినట్టు లెక్క తేల్చారు. అందులో 3,212 మంది పేర్లు దొరికాయి. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆగ్నెస్ శాంప్సన్ వాళ్ళలో ఒకామె. మందులిచ్చి, పురుళ్ళు పోసే మనిషి. ఆరవ జేమ్స్ రాజు డెన్మార్క్ నుంచి రాణిని తెచ్చుకుంటుంటే సముద్రంలో తుఫాను లేచింది. ఆ తుఫాను లేపింది ఈమె, ఈమెతోపాటు మరికొందరు అన్నారు. రాజు స్వయంగా ఆమెను విచారించాడు. 1591లో ఇదే కోటకొండ మీద గొంతు నులిమి, తర్వాత శవాన్ని కాల్చారు.

ఇక్కడ చాలామంది గైడ్లు హాస్యం చేస్తారు. మంత్రగత్తె వేషం, వంకర టోపీ, గుంపులోంచి ఒకామెను పిలిచి ఉత్తుత్తి విచారణ. మీరు నవ్వకండి. సరదా పాడుచేశారని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. చేతబడి చేసిందని, బాణామతి చేసిందని ఆడమనిషిని చెట్టుకు కట్టి కొట్టడం, పళ్ళూడగొట్టడం, ప్రాణం తియ్యడం మన పల్లెల్లో జరిగినవే. ఆ వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. తెలుగువాళ్ళకు ఈ ఫౌంటెన్ పరాయి దేశపు వింత ఎలా అవుతుంది? వీలైతే గైడ్‌ని ఆపి ఆ మాట చెప్పండి. "మా దగ్గర ఇది ఇంకా అయిపోలేదు" అని చెప్పండి. టూరు మధ్యలో మాట్లాడటం మర్యాద కాదంటారు. మాట్లాడాల్సిన చోట నోరు మెదపకపోవడం అంతకంటే పెద్ద అమర్యాద. 2022 మార్చి 8న అప్పటి స్కాట్లండ్ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ ఆ చావులన్నిటికీ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. నాలుగు శతాబ్దాలు దాటినా చెప్పాల్సిన మాట చెప్పారు. అది కథలో భాగమని గైడ్‌కి గుర్తుచెయ్యండి.

అక్కణ్ణుంచి రాయల్ మైల్ వీధి మీద కిందికి దిగుతూ వస్తే సిటీ ఛాంబర్స్ భవనం. దాని కడుపులో మేరీ కింగ్స్ క్లోజ్ ఉంది. క్లోజ్ అంటే రాయల్ మైల్‌కు అటూ ఇటూ చేపముల్లులా దిగిపోయే ఇరుకు సందు. 1753లో ఈ సందు పై అంతస్తులు కూలగొట్టి, కింది భాగాన్ని పునాదిలో కలిపేసి మీద రాయల్ ఎక్స్‌ఛేంజ్ కట్టారు. కింది ఇళ్ళు అలాగే చీకట్లో మిగిలిపోయాయి. 1640ల్లో ప్లేగు వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళని ఇళ్ళల్లో పెట్టి బతికుండగానే గోడలు కట్టేశారని చాలాకాలం చెప్పుకున్నారు. అది అబద్ధం. మీకు ఇంకా ఎవరైనా అదే కథ చెప్తే వెంటనే ఒక ప్రశ్న వెయ్యండి: "వాళ్ళకు రొట్టె ఎవరు తెచ్చారు?"

ఆ ఒక్క ప్రశ్నతో కథ దారి మారిపోతుంది. రోగం సోకిన ఇంటివాళ్ళు కిటికీకి తెల్లగుడ్డ కట్టేవారు. ఊరి పెద్దలు రొట్టె, బీరు, బొగ్గు ఇంటికే పంపించేవారు. ప్లేగు వైద్యుడు జాన్ పాలిషియస్ రోగం సోకి తనే చనిపోతే జార్జ్ రే అనే ఆయన్ని పెట్టుకున్నారు. తోలు అంగీ, పక్షి ముక్కులాంటి ముసుగు వేసుకుని ఇంటింటికీ తిరిగాడు. ఆయన బతకడనుకున్నారేమో పెద్ద జీతమే ఒప్పుకున్నారు. బతికేసరికి ఇవ్వడానికి చేతులు రాలేదు. బాకీ కోసం ఆయన చాలాకాలం వాళ్ళ చుట్టూ తిరిగాడు. ఇన్నేళ్ళ తర్వాత మొన్న కోవిడ్‌లో మనం చూసింది ఇందులో ఎంతుందో చదివేవాళ్ళకే తెలుస్తుంది. గోడ కట్టిన కథ వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఇంటికెళ్ళాక మర్చిపోతాం. రొట్టె తెచ్చిన మనిషి గుర్తుండిపోతాడు.

మేరీ కింగ్ ఎవరని కూడా అడగండి. భర్త పోయాక నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ సందుకు వచ్చి, బట్టల వ్యాపారం చేసి బతికిన మనిషి. 1644లో పోయింది. సందులకు ఆస్తిపరులైన మగవాళ్ళ పేర్లు పెట్టే ఊళ్ళో ఈ సందుకు ఆమె పేరు నిలిచింది. ఆమె దెయ్యమని ఎవరూ చెప్పరు కాబట్టి ఆమె గురించి రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అక్కడే ఒక గదిలో ఆనీ అనే చిన్నపిల్ల ఆత్మ ఉందని 1992లో వచ్చిన ఒక జపాన్ ఆవిడ చెప్పిన దగ్గర్నుంచి జనం బొమ్మలు తెచ్చి గుట్టగా పెడుతున్నారు. పిల్లకు బొమ్మ ఇవ్వాలన్న మనసు మంచిదే. నేనైతే ఆ బొమ్మని పక్క వీధిలో బతికున్న పిల్లకు ఇవ్వమంటాను.

రాయల్ మైల్ మీదే ఇంకొంచెం కిందికి దిగితే పైస్లీ క్లోజ్. టూర్లు దీని ముందునుంచి ఆగకుండా పోతాయి, ఎందుకంటే ఇక్కడ దెయ్యం లేదు. మీరు మాత్రం ఆగండి. గుంపు వెళ్ళిపోతే వెళ్ళిపోనివ్వండి, తర్వాత అందుకోవచ్చు. ఈ ఊరంతటిలో నాకు బాగా దగ్గరైన చోటు ఇదే. 1861 నవంబరు 24, ఆదివారం, అర్ధరాత్రి దాటాక ఇక్కడి బహుళ అంతస్తుల పాత భవనం నిద్రపోతున్న జనం మీద కూలిపోయింది. 35 మంది చనిపోయారు. శిథిలాలు తవ్వుతున్నవాళ్ళు ఇక లాభం లేదనుకుంటుండగా రాళ్ళ కింది నుంచి ఒక పిల్లవాడి గొంతు వినిపించింది, నేనింకా చావలేదు, తవ్వండి అని. జోసెఫ్ మెకైవర్ వాడి పేరు. బతికి బయటపడ్డాడు. సందు ద్వారం పైన వాడి ముఖం, వాడి మాట రాతిలో చెక్కి ఉన్నాయి. తలెత్తి చూడాలి, లేకపోతే కనపడవు.

ఆ ద్వారం కింద నిలబడి పైకి చూస్తే చెక్కిన జుట్టు పాయలు కూడా తెలుస్తాయి. తడి పట్టి రాయి నల్లబడింది. పిల్లవాడి ముఖం మాత్రం ఉత్సాహంగా ఉంటుంది. ఆ పక్కనే నిలబడి ఫోనులో రెస్టారెంట్ల రేటింగులు చూసుకుంటున్నవాళ్ళని నేను ఎందరినో చూశాను. ప్రతిసారీ పైకి చూపిస్తాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

ఆ ప్రమాదం తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. మరుసటి ఏడాదే, 1862లో, హెన్రీ లిటిల్‌జాన్‌ను ఊరి ఆరోగ్యాధికారిగా నియమించారు. ఏ సందులో ఎంతమంది కిక్కిరిసి ఉంటున్నారు, ఎక్కడ ఎన్ని చావులు జరుగుతున్నాయి అని ఆయన లెక్కలు తీసి 1865లో నివేదిక ఇచ్చాడు. దాని ఆధారంగా పాత ఊళ్ళో వీధులు వెడల్పు చేశారు, గాలి వెలుతురు రానిచ్చారు. దెయ్యాల టూరు మనకు చావులు చూపిస్తుంది. ఆ చావుల వల్ల ఊరు ఏం నేర్చుకుందో చూపించదు. అది మనమే అడగాలి.

సౌత్ బ్రిడ్జి దగ్గరికి వస్తే అది వంతెన అని ఎవరూ నమ్మరు. అటూ ఇటూ దుకాణాలే. 1785లో మొదలుపెట్టి 1788లో తెరిచారు. 19 ఆర్చీలు, కౌగేట్ వీధి మీదుగా పోయే ఒక్కటి మాత్రమే ఇప్పుడు బయటికి కనిపిస్తుంది. మిగతావాటి కింది ఖాళీల్ని అంతస్తులుగా విడదీసి గదులు కట్టారు, చర్మకారులు, మద్యం వ్యాపారులు సామాను పెట్టుకున్నారు. పై నుంచి నీళ్ళు కారడం మొదలైంది. కొన్నేళ్ళకే వ్యాపారులు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఇంకెక్కడా అద్దె కట్టలేని జనం దిగారు. కిటికీ లేదు, నీళ్ళు లేవు, చేపనూనె దీపమే వెలుతురు. తర్వాత గదుల్ని మట్టితో కప్పేసి ఊరు మర్చిపోయింది. 1980ల్లో మళ్ళీ తవ్వినప్పుడు గుట్టలుగా ఆయిస్టర్ గవ్వలు దొరికాయి. ఆ రోజుల్లో అవి పేదవాళ్ళ తిండి. ఇప్పుడవి పెద్ద హోటళ్ళలో ఐసు మీద పెట్టి వడ్డిస్తున్నారు.

ఇక్కడ మీ చెయ్యి గోడకు ఆనించండి. గైడ్ వద్దంటే ఆయనకు చెప్పే చెయ్యండి, రాళ్ళకేమీ కాదు. చల్లగా, తడిగా ఉంటుంది. వేళ్ళకు సన్నటి ఇసుక అంటుకుంటుంది. రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులతో కలిసి ఇదే గదుల్లో జనాన్ని నిలబెట్టి పరిశోధించాడు. 2003లో ఆ పరిశోధన అచ్చయింది. దెయ్యాలున్నాయని పేరుపడ్డ గదుల్లోనే ఎక్కువమందికి వింత అనుభవాలు కలిగాయి. గది ఎత్తు, వైశాల్యం, వెలుతురు లాంటివాటితో ఆ అనుభవాలకు సంబంధం ఉందని తేలింది. నమ్మేవాళ్ళు ఈ సంగతి దాచిపెడతారు, నమ్మనివాళ్ళు దీన్ని చెప్పి నవ్వేసి బయటికొస్తారు. నా మాట వినండి, ఆ వాదనలో ఏ పక్కా చేరకండి. దెయ్యం ఉందని వణికినా లేదని నవ్వినా, ఆ గదిలో నిజంగా కాపురమున్న మనిషిని ఇద్దరూ ఒకేలా వదిలేస్తున్నారు. వెన్ను చల్లబడింది కదా, ఆ చలి నిజమే. పది నిమిషాలకే మీకిలా ఉంటే బాలింత రాత్రంతా ఇక్కడ పిల్లని ఎలా పొదువుకుందో అడగండి. పరామర్శంటే ఇదే.

గ్రాస్‌మార్కెట్ వైపు దిగేసరికి బర్క్, హేర్ కథ వస్తుంది. ప్రతి గైడ్‌కీ ఇష్టమైన కథ. 1828లో ఈ ఇద్దరూ 16 మందిని చంపి డాక్టర్ రాబర్ట్ నాక్స్ శవపరీక్ష తరగతులకు అమ్మారు. మొదట అద్దె బాకీపడి జబ్బుతో పోయిన ముసలాయన శవానికి ఏడు పౌండ్ల పది షిల్లింగులు దొరికాయి. అక్కణ్ణుంచి జబ్బుచేసేదాకా ఆగడం మానేశారు. హేర్ అప్రూవరై బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరిలో ఉరితీశారు. అతని అస్థిపంజరాన్ని విశ్వవిద్యాలయం ఎనాటమీ మ్యూజియంలో, అతని చర్మంతో చేసిన పాకెట్ పుస్తకాన్ని సర్జన్స్ హాల్‌లో దాచారు. హంతకుల పేర్లు, ధరలు, ఎముకలు అన్నీ మిగిలాయి. చచ్చినవాళ్ళ పేర్లు అడిగితే చాలామంది గైడ్లకు రెండు మూడు కంటే రావు.

పెద్దవాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళమని నేననేది ఈ చోటు కోసమే. గుడివాడ నుంచి వచ్చిన మా అత్తగారిని ఒకసారి తీసుకెళ్ళాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నేను పక్కన నిలబడి చెప్తున్నాను. గైడ్ జేమ్స్ విల్సన్ దగ్గరికొచ్చాడు. ఊళ్ళో అందరూ జేమీ అనేవారు, పద్దెనిమిదేళ్ళవాడు, బుద్ధి కాస్త మందం, చలిలో కూడా చెప్పుల్లేకుండా తిరిగేవాడు. వాడి శవం బల్ల మీదికి రాగానే విద్యార్థులు గుర్తుపట్టారు. నాక్స్ కాదన్నాడు. ఆ తర్వాత ఆనవాలు పట్టకుండా తల, పాదాలు తీసేశారు. నేనింకా ఆ మాట తెలుగులో పూర్తి చెయ్యలేదు, అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, అడుగు. ఆ పిల్లాడికి తల్లి ఉందా?" అన్నారు. అడిగాను. గైడ్ ఒక్క క్షణం తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఉందన్నాడు. కొడుకు కనపడటం లేదని ఊరంతా అడుగుతూ తిరిగిందన్నాడు. తర్వాత అతను చెప్పాల్సిన హాస్యపు ముక్కలు కొన్ని చెప్పకుండానే ముందుకు నడిపించాడు. గుంపులో ఎవరికీ ఏమీ తగ్గినట్టు అనిపించలేదు.

కాబట్టి అత్తగార్లని, అమ్మమ్మలని, మేనత్తలని తీసుకెళ్ళండి. చావు ఇంట్లో ఏం అడగాలో వాళ్ళకు తెలుసు.

గ్రేఫ్రయర్స్ శ్మశానం వైపు వెళ్ళే దారిలో బాబీ అనే కుక్క విగ్రహం ఉంటుంది. అదృష్టమని ముక్కు రుద్దుతారు, రుద్ది రుద్ది రంగు ఊడిపోయింది. మీరు రుద్దకండి, అంతే. లోపల జార్జ్ మెకెంజీ గుండ్రటి గోపురపు సమాధి ఉంది. 1691లో పోయిన ఈ ప్రాసిక్యూటర్ ఆత్మ జనాన్ని గీరుతుందని, మూర్ఛపోయేలా చేస్తుందని 1999 నుంచి టూర్లు నడుస్తున్నాయి. అక్కడ అందరూ గోపురం తలుపు వైపు చూస్తుంటే మీరు దానికి వీపు పెట్టి నిలబడండి. మెకెంజీ ఎవరిని వేటాడాడో వాళ్ళ జైలు కూడా ఈ ఆవరణలోనే ఉంది, అటు చూడండి. చర్చి వ్యవహారాల్లో రాజు పెత్తనం ఒప్పుకోని కవనెంటర్లు వాళ్ళు. 1679 జూన్‌లో బాత్‌వెల్ బ్రిడ్జి యుద్ధంలో ఓడిపోయాక దాదాపు 1,200 మందిని తెచ్చి ఇక్కడి మైదానంలో కాపలా పెట్టారు. పైకప్పు లేదు, తిండి అంతంతమాత్రం, నెలల తరబడి. లొంగిపోయి సంతకం పెట్టినవాళ్ళని వదిలారు. మిగిలినవాళ్ళలో సుమారు 250 మందిని బానిసలుగా పంపడానికి ఓడెక్కించారు. ఆ ఓడ డిసెంబరులో ఆర్క్‌నీ దీవుల దగ్గర బద్దలైంది. ఓడ కింది అరలో బంధించి ఉంచడంతో ఎక్కువమంది నీళ్ళలోనే పోయారు. యాభై మందికి అటూ ఇటూగా బతికారు.

వీళ్ళలో ఎవరూ దెయ్యాలై జనాన్ని గీరినట్టు కథల్లేవు. అందుకని గోపురం దగ్గర ఇరవై నిమిషాలు, వీళ్ళ దగ్గర రెండు నిమిషాలు. 2003లో ఇద్దరు కుర్రాళ్ళు మెకెంజీ సమాధిలో దూరి ఒక పుర్రెను తీసుకుని ఆడుకున్నారు, కేసయింది. పోయినవాళ్ళని ఆటవస్తువుల్లా చూపించీ చూపించీ చివరికి ఎక్కడికి పోతామో దాన్ని బట్టి తెలుస్తుంది.

టూరు అయ్యాక పబ్బుకు రమ్మంటారు. వెళ్ళకండి. ఇంటికెళ్ళి స్నానం చేసి వేడి అన్నం తినండి. మన దగ్గర పరామర్శకు వెళ్ళినచోట వెళ్ళొస్తామని చెప్పకుండా లేచి వచ్చేస్తాం. ఇక్కడ ఆ ఒక్క ఆనవాయితీ పక్కన పెట్టి, పొద్దున్నే మళ్ళీ రండి. అవును, దెయ్యాల టూరుకు సగభాగం మర్నాడు ఉదయమే. శ్మశానం పగలంతా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. రాత్రి విన్న పేర్లు కాగితం మీద రాసుకుని రండి. గైడ్లకు టిప్పు ఇచ్చేటప్పుడు కూడా ఇదే కొలత పెట్టుకోండి, ఎవరు ఎక్కువ పేర్లు చెప్పారో వాళ్ళకు ఎక్కువ ఇవ్వండి.

పొద్దున్నే తెలుగువాళ్ళు ప్రత్యేకంగా పలకరించాల్సిన మనిషి ఒకాయన ఇక్కడున్నాడు. విలియం రాక్స్‌బరో. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా వచ్చి 1780ల్లో సామర్లకోటలో స్థిరపడి, మిరియాల తోటలు వేయించి, ఏళ్ళ తరబడి రోజూ వానలు, ఎండలు కొలిచి రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన కరువును కళ్ళారా చూశాడు. జనానికి తిండి పెట్టే చెట్లు ఊరూరా నాటాలని కంపెనీకి రాశాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా వచ్చింది. గోదావరి జిల్లాల చెట్టూ చేమా అందులో తెలుగు పేర్లతో సహా ఎక్కాయి. 1815లో ఎడిన్‌బరోలో పోయాడు, గ్రేఫ్రయర్స్‌లో భార్య తరఫు బాస్వెల్ కుటుంబపు సమాధిలో పెట్టారు. దెయ్యాల టూర్లలో ఆయన పేరు నేను వినలేదు.

ఆయన పక్కన తల్చుకోవాల్సినవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఆ పుస్తకంలో బొమ్మలు వేసింది మన చిత్రకారులే. ఆకు వెనక ఈనెలు, కాయ కోసినప్పటి గింజల వరస కూడా తప్పిపోకుండా వేశారు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. ఇక్కడ ఏ రాతి మీదా లేవు.

కాకినాడ, పిఠాపురం, పెద్దాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ పని మీరే చెయ్యండి. మీ గైడ్‌కు సామర్లకోట గురించి చెప్పండి. ఇంగ్లీషులో అర పేజీ రాసి, ఆ ఊరు ఎక్కడుందో, రాక్స్‌బరో ఏ కరువు చూశాడో, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఎందుకు దొరకవో వివరించి, టూరు కంపెనీకి పంపండి. ఈ గైడ్లలో చాలామంది నటులు, విద్యార్థులు. కొత్త కథ దొరికితే వదులుకోరు. భయపెట్టే కథ కాదని మొదట మొహం చిట్లించినా, వచ్చే జూన్‌లో తొమ్మిదింటి వెలుతురులో ఎవరో ఒకరు గ్రేఫ్రయర్స్‌లో ఆగి సామర్లకోట పేరు పలుకుతారు.